ఎవరెస్టు పేరులో 'ఎవరు'?

(తెలుగు భాషా దినోత్సవం సందర్భంగా కోల్‌కతాలో జరిగిన మన బ్యాంకు తెలుగు ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

  ముందు వరుసలో కూర్చుని సమోసాల కోసం ఎదురుచూస్తున్న పిల్లలకు ఆశీస్సులు.

ఆగస్టు 29 గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారి పుట్టినరోజు. ఈ సభలో పద్యం గురించో, కథ గురించో మాట్లాడటం ఆనవాయితీ. నేను మాత్రం ఒక కొండ గురించి మాట్లాడతానని చెప్పాను. 'హిమాలయాల్లో కొండకీ తెలుగు భాషకీ ఏమిటండీ సంబంధం?' అని కార్యదర్శిగారు నవ్వుతూ అడిగారు. సంబంధం ఉంది. ఇరవై నిమిషాలు ఓపిక పట్టండి, గిడుగువారి దగ్గరికే వస్తాను.

ముందు పిల్లలకు ఒక ప్రశ్న. ప్రపంచంలో అన్నిటికన్నా ఎత్తయిన శిఖరం ఏది? అందరూ ఒకేసారి చెప్పారు, ఎవరెస్టు. సరే, ఎవరెస్టు అంటే ఎవరు? చూశారా, మన తెలుగులో ఆ పేరు మొదట్లోనే 'ఎవరు' అనే ప్రశ్న ఉంది. మనమే ఎప్పుడూ అడగలేదు. ఈ ప్రశ్నకు జవాబులో సగం ఈ కోల్‌కతా నగరంలోనే ఉంది, కొంత మన తెలంగాణ అడవుల్లో కూడా ఉంది.

కథ 1802 ఏప్రిల్‌లో మద్రాసులో మొదలైంది. విలియం లాంబ్టన్ అనే సైనికాధికారి సెయింట్ థామస్ మౌంట్ దగ్గర ఏడున్నర మైళ్ల సరళరేఖను గొలుసుతో కొలిచాడు. అంత దూరం కొలవడానికి 57 రోజులు పట్టింది. అంత జాగ్రత్త ఎందుకంటే, దేశం మొత్తం కొలతకు అదే పునాది. త్రిభుజంలో ఒక భుజం పొడవు, రెండు కోణాలు తెలిస్తే మిగతా రెండు భుజాలూ లెక్కకు దొరుకుతాయి. పదో తరగతి పిల్లలకు ఇది తెలుసు. ఆ దొరికిన భుజం మీద ఇంకో త్రిభుజం, దాని మీద మరొకటి. ఇలా కొండ మీంచి కొండ మీదికి, గోపురం మీంచి గోపురం మీదికి త్రిభుజాలు అల్లుకుంటూ ఉత్తరానికి నడిచారు. దీన్నే గ్రేట్ ట్రిగనామెట్రికల్ సర్వే అన్నారు. కోణాలు కొలిచే థియోడొలైట్ యంత్రం బరువు అర టన్ను. దాన్ని మనుషులే మోశారు.

1818 చివర్లో లాంబ్టన్‌కు సహాయకుడిగా హైదరాబాదుకు ఒక యువకుడు వచ్చాడు. పేరు జార్జ్ ఎవరెస్ట్, వయసు 28. మరుసటి ఏడాది అతన్ని కృష్ణా గోదావరి నదుల మధ్య అడవుల్లో కొలతలకు పంపారు. అది వానాకాలం. వరంగల్, ఖమ్మం వైపు పెరిగినవాళ్లకు ఆ వానల సంగతి, ఆ దోమల సంగతి చెప్పక్కర్లేదు. జట్టులో చాలామంది మలేరియా పాలయ్యారు, కొందరు చనిపోయారు. ఎవరెస్ట్‌ను కూడా మోసుకుని హైదరాబాదు తీసుకురావలసి వచ్చింది. కోలుకోవడానికి 1820లో అతన్ని ఆఫ్రికా దక్షిణ కొసకు, కేప్‌కు పంపారు. ఆ జ్వరం చాలా ఏళ్లు వెంటాడింది. 1823లో లాంబ్టన్ చనిపోయాక ఆ పని బాధ్యత ఎవరెస్ట్ మీద పడింది. తర్వాత అతను సర్వేయర్ జనరల్ అయ్యాడు, 1843లో రిటైరై ఇంగ్లండ్ వెళ్లిపోయాడు.

ఆ సంవత్సరం గుర్తుంచుకోండి, 1843. ఎందుకంటే మనం మాట్లాడుకుంటున్న శిఖరాన్ని సర్వేవాళ్లు దూరం నుంచి గమనించింది 1847లో. అంటే ఎవరెస్ట్ దేశం వదిలి వెళ్లిన నాలుగేళ్లకు.

ఇక కోల్‌కతాకు వద్దాం. మనలో డన్‌లప్, బారక్‌పూర్ వైపు ఉండేవాళ్లు రోజూ బి.టి. రోడ్డు మీద వెళ్తుంటారు. ఆ రోడ్డు పక్కన పాయిక్‌పాడా దగ్గర ఒకటి, సుఖచర్ దగ్గర ఒకటి పాత ఇటుక బురుజులు ఉన్నాయి. అవి గుళ్లూ కావు, కోటలూ కావు. 1831-32లో ఎవరెస్ట్ ఆ తిన్నని రోడ్డు వెంట కలకత్తా బేస్‌లైన్ కొలిచినప్పుడు, దాని రెండు చివర్లనూ గుర్తుపట్టడానికి కట్టినవి. ఒక ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి చూపించండి. ఖర్చు బస్సు టికెట్టే.

సరిగ్గా ఆ రోజుల్లోనే, 1831 డిసెంబరులో, జొరాసాంకో కుర్రాడు ఒకడు సర్వేలో ఉద్యోగంలో చేరాడు. పేరు రాధానాథ్ సిక్దార్. వయసు 18. హిందూ కాలేజీలో చదువు, డిరోజియో శిష్యుడు, లెక్కల్లో దిట్ట. ఉద్యోగం పేరు ఏమిటో తెలుసా పిల్లలూ? కంప్యూటరు. అవును, ఆ రోజుల్లో కంప్యూటరు అంటే మనిషే. లెక్కలు కట్టే మనిషి. జీతం నెలకు నలభై రూపాయలు మించదు. పై అధికారి ఎవరెస్ట్‌కు ఇతని పని ఎంత నచ్చిందంటే, రాధానాథ్ డిప్యూటీ కలెక్టరు ఉద్యోగానికి వెళ్లాలనుకుంటే వెళ్లనివ్వలేదు. మంచి ఆఫీసరును వేరే డిపార్ట్‌మెంటుకు రిలీవ్ చెయ్యకపోవడం ఇవాళ్టి జబ్బు కాదని దీన్నిబట్టి తెలుస్తోంది.

రాధానాథ్ లెక్కల్లో మాత్రమే గట్టివాడు కాడు. 1843లో డెహ్రాడూన్‌లో ఉండగా అక్కడి మేజిస్ట్రేటు సర్వే కూలీల చేత తన సామాను ఊరికే మోయించాడు. అలాంటి వెట్టి ఆ రోజుల్లో మామూలే. ఎవరూ మాట్లాడేవారు కాదు. రాధానాథ్ ఆ సామాను ఆపేశాడు. కేసు నడిచింది, 200 రూపాయల జరిమానా పడింది. నలభై లోపు జీతంతో చేరిన మనిషికి 200 ఎంత పెద్ద మొత్తమో మనకు అర్థమవుతుంది. ఆ కేసు సంగతి బెంగాలులో పత్రికకెక్కింది.

1849లో అతను కలకత్తాకు చీఫ్ కంప్యూటరుగా వచ్చాడు. అప్పటికి సర్వేయర్ జనరల్ ఆండ్రూ వా. డెహ్రాడూన్‌లో ఆయన, కలకత్తాలో రాధానాథ్, బీహారు మైదానాల్లో థియోడొలైట్‌తో జేమ్స్ నికల్సన్ వంటి ఉద్యోగులు. నేపాలు సరిహద్దు మూసి ఉంది, లోపలికి వెళ్లడానికి అనుమతి లేదు. అందుకని నూట డెబ్బై, నూట ఎనభై కిలోమీటర్ల దూరం నుంచి, పొద్దున్న మంచు విడిన కాసేపట్లో, తెల్లగా కనిపించే ఒక్కో శిఖరానికి కోణం కొలిచేవారు. పేర్లు తెలియవు కాబట్టి నంబర్లు వేశారు. మనం మాట్లాడుకునేది పదిహేనో నంబరు శిఖరం.

దూరం నుంచి ఎత్తు కొలవడం అంటే కోణం చూసి గుణకారం చెయ్యడం ఒక్కటే కాదు. భూమి గుండ్రంగా ఉండటం వల్ల శిఖరం కొంత కిందికి దిగినట్టు కనిపిస్తుంది. చల్లగాలి, వేడిగాలి పొరల్లో వెలుతురు వంగడం వల్ల కొంత పైకి లేచినట్టు కనిపిస్తుంది. ఇన్ని సవరణలు వెయ్యాలి. ఆరు చోట్ల నుంచి చూసిన లెక్కలు ఆరు రకాలుగా వచ్చాయి. తక్కువది సుమారు 28,990 అడుగులు, ఎక్కువది సుమారు 29,026. ఆరింటి సగటు 29,002.

ఇక్కడ రెండు సరదా కథలు ప్రచారంలో ఉన్నాయి. సరిగ్గా 29,000 వచ్చిందనీ, గుండు సున్నాలు చూసి జనం నమ్మరని రెండు అడుగులు కలిపారనీ ఒకటి. సగటే 29,002 వచ్చినప్పుడు కలపాల్సిన అవసరం ఏముంది? రాధానాథ్ పరుగున వచ్చి, 'అయ్యా, ప్రపంచంలో ఎత్తయిన పర్వతాన్ని కనిపెట్టాను' అని వా గదిలోకి దూసుకెళ్లాడని రెండోది. వా డెహ్రాడూన్‌లో, రాధానాథ్ కలకత్తాలో. వెయ్యి మైళ్లు పరుగెత్తాలి పాపం. వినడానికి బాగున్న కథల్ని లెక్కలు తెలిసినవాళ్లం ఒకసారి సరిచూసుకోవాలి.

నిజం ఇంతకన్నా నెమ్మదిగా నడిచింది. 1852 నాటికి పదిహేనో నంబరు అన్నిటికన్నా ఎత్తయినదని తేలింది. అంతవరకూ ఆ గౌరవం మన డార్జిలింగ్ కాంచన్‌జంగాది. అయినా నాలుగేళ్లపాటు లెక్క మళ్లీ మళ్లీ సరిచూశారు. 1856 మార్చి 1న వా కలకత్తాలోని తన డిప్యూటీ తుయిలియర్‌కు ఉత్తరం రాశాడు. ఎత్తు 29,002 అడుగులు. 2020లో నేపాలు, చైనా కలిసి ఉపగ్రహాల సాయంతో కొలిచి ప్రకటించిన ఎత్తు 8,848.86 మీటర్లు, అంటే 29,032 అడుగులు. నూట అరవై నాలుగేళ్ల తర్వాత తేడా ముప్పై అడుగులు. కాగితం, కలం, లాగరిథమ్ పట్టికలతో కట్టిన లెక్క అది.

అదే ఉత్తరంలో పేరు సంగతి ఉంది. వా చెప్పిన మాటల సారాంశం ఇది. మా గురువు ఎవరెస్ట్ ప్రతి చోటుకూ అక్కడివాళ్లు పిలిచే పేరే రాయాలని నేర్పాడు. ఈ శిఖరానికి స్థానికంగా పేరు ఉందో లేదో తెలియదు. నేపాలులోకి వెళ్లే వీలు లేదు. కాబట్టి ఆ గురువు పేరే పెడుతున్నాను.

ఇందులో ఉన్న తమాషా మీకు అర్థమై ఉంటుంది. స్థానికుల పేర్లే రాయమని నియమం పెట్టిన మనిషి పేరునే ఆ నియమానికి మినహాయింపుగా పెట్టారు. అదీ రిటైరై పదమూడేళ్లయిన పాత బాస్ పేరు. మన ఆఫీసుల్లో కొత్త భవనాలకు పేర్లు పెట్టే పద్ధతి తెలిసినవాళ్లకు ఆశ్చర్యం అనిపించదు.

ఎవరెస్ట్‌కు ఇది నచ్చలేదు. ఈ పేరును హిందీలో, పారశీ లిపిలో రాయలేరనీ, అక్కడివాళ్లు పలకలేరనీ 1857లో లండన్‌లో అభ్యంతరం చెప్పాడు. ఆయన భయం కొంతవరకు నిజమే అయింది. వాళ్లింట్లో ఆ ఇంటిపేరును 'ఈవ్‌రెస్ట్' అని పలికేవారు. ఇవాళ ప్రపంచమంతా, ఇంగ్లీషువాళ్లతో సహా, వేరేగా పలుకుతోంది. ఆ కొండ మీద ఆయన పేరు ఉంది కానీ, ఆయన ఇంట్లో పిలిచిన పేరు లేదు.

నేపాలులో చాలాకాలం ఉన్న బ్రయాన్ హాడ్జ్‌సన్, దానికి దేవధుంగా అనే స్థానిక పేరు ఉందని వాదించాడు. వా తన ఆఫీసర్లతోనే కమిటీ వేశాడు. కమిటీ ఆ వాదన చెల్లదంది. బాస్ వేసిన కమిటీ బాస్‌కు నచ్చిన రిపోర్టే ఇచ్చింది. 1865లో లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ ఎవరెస్టు పేరును ఖాయం చేసింది. మరుసటి ఏడాదే ఎవరెస్ట్ కన్నుమూశాడు.

మరి స్థానిక పేరు నిజంగా లేదా? ఉంది. టిబెట్ వైపు చోమోలుంగ్మా అంటారు. లోకానికి తల్లి అయిన దేవత అని ఎక్కువగా చెప్పే అర్థం. దానికి దగ్గరి పేరు 1733లో పారిస్‌లో డాన్విల్ అచ్చువేసిన టిబెట్ పటంలోనే ఉంది. అంటే వా ఉత్తరానికి 123 ఏళ్ల ముందే. నేపాలు ప్రభుత్వం వాడే పేరు సాగర్‌మాథా. మన చెవికి ఇది 'సాగరమాత' అని వినిపిస్తుంది, సముద్రానికి తల్లి అనుకుంటాం. కానీ ఆ చివరి మాట మాత కాదు, మాథా, అంటే తల. ఆకాశంలో తల అని అర్థం చెబుతారు. ఎవరి పేరునైనా మన చెవికి వినిపించినట్టు రాసేసుకుంటే ఏమవుతుందో చూడండి. తల కాస్తా తల్లి అయిపోతుంది.

పక్క కథ ఒకటి చెబుతాను. 1856లోనే కారకోరం పర్వతాల్లో మాంట్‌గొమెరీ అనే సర్వేయరు దూరంగా కనిపించిన శిఖరాలకు కె1, కె2 అని నంబర్లు వేశాడు. తర్వాత కె1కు స్థానిక పేరు దొరికింది, మషెర్‌బ్రూమ్. కె2 ఎంత మారుమూల ఉందంటే, చిట్టచివరి ఊరి నుంచి కూడా కనిపించదు. ఊరివాళ్లకు కనిపించని కొండకు వాడుకలో స్థిరపడిన పేరు దొరకలేదు. అందుకని ప్రపంచంలో రెండో ఎత్తయిన శిఖరం ఇప్పటికీ అకౌంటు నంబరుతోనే చలామణి అవుతోంది. నాకు ఇది నిజాయితీగా అనిపిస్తుంది. తెలియనప్పుడు నంబరు ఉంచడం తప్పు కాదు. ఆ గడిలో ఇంకొకరి పేరు నింపడం కన్నా మేలు.

ఇప్పుడు మళ్లీ రాధానాథ్ దగ్గరికి వెళ్దాం. 1851లో సర్వే పద్ధతుల మీద తుయిలియర్, స్మిత్ అనే ఇద్దరు అధికారులు ఒక పెద్ద మాన్యువల్ తెచ్చారు. అందులో కష్టమైన గణిత భాగాలు రాధానాథ్ రాసినవి. ఆ సంగతి మొదటి కూర్పు ముందుమాటలోనే కృతజ్ఞతతో ఒప్పుకున్నారు. ఆయన 1862లో రిటైరై, ఇవాళ స్కాటిష్ చర్చ్ కాలేజీగా మనకు తెలిసిన సంస్థలో లెక్కలు చెప్పి, 1870 మే 17న చందన్‌నగర్‌లో చనిపోయారు. 1875లో మాన్యువల్ మూడో కూర్పు వచ్చింది. ఆయన రాసిన భాగాలు ఉన్నాయి, పేరు మాత్రం లేదు. చనిపోయినవాడి సొత్తు దొంగిలించడమే ఇదని ఒక ఇంగ్లీషు పత్రికే తప్పుపట్టింది.

మేనేజ్‌మెంటు చదువుకునేటప్పుడు టీమ్‌వర్క్ మీద మాకు చాలా పాఠాలు చెప్పారు. వాటన్నిటికన్నా ఈ ఒక్క పుస్తకం మూడు కూర్పులూ పక్కపక్కన పెట్టి చూడటం మంచి పాఠం. మన కంప్యూటరు సిస్టంలో ఒక ఎంట్రీకి రెండు ఐడీలు ఉంటాయి. వేసినవారిది ఒకటి, పాస్ చేసినవారిది ఒకటి. రెండూ చెరగవు. సర్వే రికార్డులో పాస్ చేసినవారి పేరు మిగిలింది, వేసినవారి పేరు ముందుమాటలోంచి జారిపోయింది.

అలాగని ఎవరెస్టు పేరు తీసేసి రాధానాథ్ శిఖరం అని పెట్టాలని నేను అనను. అలా అడిగేవాళ్లు ఉన్నారు. వారి బాధ న్యాయమైనదే. కానీ అది ఒక్కరి పని కాదు. కోణాలు కొలిచిన నికల్సన్ మలేరియాతో దేశం వదలవలసి వచ్చింది. లెక్కల్లో హెనెస్సీ అనే ఉద్యోగి చెయ్యి కూడా ఉంది. విరిగిన యంత్రాలను బాగుచేసి నడిపించినవాడు ఆర్కాటు నుంచి వచ్చిన సయ్యద్ మీర్ మొహసిన్ హుసేన్. జెండాలు పట్టుకుని కొండల మీద నిలబడ్డవాళ్లు, దీపాలు వెలిగించినవాళ్లు, అర టన్ను యంత్రాన్ని మోసినవాళ్లు, తరాయి జ్వరాలతో పోయినవాళ్లు వందల్లో ఉన్నారు. వాళ్ల పేర్లు ఏ ముందుమాటలోనూ లేవు. ఒకరి పేరు చెరిపి ఇంకొకరి పేరు రాస్తే రికార్డు సరికాదు. పక్కన ఇంకో నాలుగు వరుసలు చేర్చాలి. మన దేశం 2004లో ఆ సర్వే జ్ఞాపకంగా వేసిన తపాలా బిళ్లల్లో రాధానాథ్ బొమ్మ కూడా ఉంది. అలాంటి వరుస అది ఒకటి.

పేర్ల గొడవ మనకెందుకు అని కొందరికి అనిపించవచ్చు. మన కౌంటరు ముందుకు వచ్చి చూద్దాం. నేను పనిచేసిన ఒక పల్లె బ్రాంచికి ఒక పెద్దావిడ వచ్చేది. భర్త పోయాడు. పాసుబుక్కులో ఆయన పేరు ఒకలా, రేషను కార్డులో ఒకలా, మరణ ధృవీకరణ పత్రంలో ఇంకోలా. ఊళ్లో ఆయన్ని పిలిచే పేరు నాలుగోది. ఏనాడో ఎవరో అడగకుండా చెవికి వినిపించింది రాసుకున్నారు. ఆ నాలుగూ ఒకే మనిషివని నిరూపించడానికి ఆవిడ ఎనిమిది నెలలు తిరిగింది. అకౌంటులో ఉన్నది పన్నెండు వేల చిల్లర. వచ్చిన ప్రతిసారీ ఆటోకు అరవై రూపాయలు. 'మా ఆయన పేరు మా ఆయనదేనని నేను సాక్ష్యం చెప్పాలా బాబూ?' అని అడిగిందావిడ. ఆ ప్రశ్నకు ఏ సర్క్యులరులోనూ జవాబు లేదు.

ఇక్కడ మన పిల్లల సంగతీ అంతే. మనకు ఇంటిపేరు ముందు, అసలు పేరు వెనక. ఇక్కడి ఫారాల్లో అసలు పేరు ముందు, ఇంటిపేరు వెనక. స్కూలు రిజిస్టర్లో తారుమారైతే టీచరు పిల్లను ఇంటిపేరుతో పిలుస్తుంది. పదో తరగతి సర్టిఫికెట్టులో ఒకలా, పాస్‌పోర్టులో ఒకలా పడితే ఎయిర్‌పోర్టులో తిప్పలు. మీలో సగంమంది ఈ అనుభవం ఉన్నవాళ్లే, తలలు ఊపుతున్నారు.

ఊళ్ల పేర్లు కూడా అలా పటాల్లోకి ఎక్కినవే. విజయవాడ బెజవాడగా, బందరు మసూలిపటంగా చాలాకాలం రికార్డుల్లో ఉన్నాయి. రాజమహేంద్రవరానికి సొంత పేరు తిరిగి వచ్చింది 2015లో. మనం కూర్చున్న ఈ నగరం అధికారికంగా కోల్‌కతా అయింది 2001 జనవరి 1న. అంతకుముందు మూడు వందల ఏళ్లుగా ఇక్కడి బెంగాలీ అమ్మ తన ఊరిని కోల్‌కతా అనే అంటోంది. ఆవిడని అడగడానికి అంతకాలం పట్టింది.

ఇప్పుడు గిడుగువారి దగ్గరికి వచ్చాను. ఆయన పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడు. చుట్టుపక్కల కొండల్లో సవరలు ఉండేవారు. వాళ్ల భాషకు లిపి లేదు, పుస్తకం లేదు. ఆయన సవర మాట్లాడేవాళ్లను ఇంట్లో ఉంచుకుని, ఒక్కో మాట అడిగి, విని, వాళ్లు ఎలా పలికితే అలా రాసుకున్నారు. వాళ్ల పిల్లల కోసం సొంత ఖర్చుతో బడులు నడిపారు. 1931లో సవర వ్యాకరణం, 1938లో నిఘంటువు అచ్చయ్యాయి. జనం నోట్లో ఉన్న తెలుగే పుస్తకాల్లోకి రావాలని ఆయన పోరాడింది కూడా ఈ అలవాటుతోనే. మాట ఎవరిదో వాళ్లను అడిగి రాయాలి.

రాధానాథ్‌కూ ఈ విషయంలో చుట్టరికం ఉంది. 1854లో ఆయన, మిత్రుడు ప్యారీచాంద్ మిత్రతో కలిసి 'మాసిక్ పత్రిక' అనే బెంగాలీ పత్రిక పెట్టారు. ఆడవాళ్లు, కొద్దిగా చదువుకున్నవాళ్లు కూడా చదవగలిగే వాడుక బెంగాలీలో రాయాలని వాళ్ల పట్టుదల. మన కందుకూరి వీరేశలింగంగారు స్త్రీల కోసం 'సతీహితబోధిని' పెట్టడానికి దాదాపు ముప్పై ఏళ్ల ముందు మాట ఇది. పదిహేనో నంబరు లెక్కలు సరిచూస్తున్న రోజుల్లోనే ఆయన ఇంటి ఆడవాళ్లకు అర్థమయ్యే బెంగాలీ ఎలా రాయాలో ఆలోచిస్తున్నాడు.

మన తెలుగు పిల్లలు కూడా ఆ కొండ ఎక్కారు. నిజామాబాద్ జిల్లా పాకాల గ్రామం నుంచి మాలావత్ పూర్ణ, ఖమ్మం జిల్లా నుంచి ఆనంద్ కుమార్. గురుకుల విద్యార్థులు. భువనగిరి రాతికొండ మీద తొలి పాఠాలు నేర్చుకున్నారు. 2014 మే 25న శిఖరం చేరేసరికి పూర్ణకు పధ్నాలుగేళ్లు కూడా నిండలేదు. వాళ్లు ఎక్కింది టిబెట్ వైపు నుంచి, అంటే చోమోలుంగ్మా అని పిలిచే వైపు నుంచి. మనం మాత్రం పేపర్లో ఎవరెస్టు అనే చదివాం. ఆ పేరు ఇప్పట్లో పోదు, పోనక్కర్లేదు కూడా. దానితో పాటు ఇంకో రెండు పేర్లు ఉన్నాయని పిల్లలకు తెలిస్తే చాలు. లెక్క కట్టినవాళ్లు ఎవరో కూడా తెలిస్తే ఇంకా మంచిది.

ఉద్యోగ మిత్రులకు నా విన్నపం చిన్నది. ఆండ్రూ వాకు ఒక సాకు ఉంది. సరిహద్దు మూసేసి ఉంది, అడగడానికి మనిషి దొరకలేదు. మనకు ఆ సాకు లేదు. పేరు గల మనిషి కౌంటరుకు అవతల రెండు అడుగుల దూరంలో నిలబడి ఉంటాడు. 'మీ పేరు ఒకసారి మీరే చెప్పండి' అని అడగడానికి పది సెకన్లు పడుతుంది. రాసింది చదివి వినిపించడానికి మరో పది. అలాగే పై ఆఫీసుకు రిపోర్టు పంపేటప్పుడు లెక్క కట్టిన క్లర్కు పేరు, ఊళ్లు తిరిగిన ఫీల్డ్ ఆఫీసరు పేరు ఒక వరుసలో రాయండి. తర్వాతి కూర్పులో ఆ వరుస జారిపోకుండా చూడండి.

పిల్లలకు ఒక ఇంటిపని. ఈ రాత్రి అమ్మమ్మకో నానమ్మకో ఫోను చెయ్యండి. మన ఊరి దగ్గర కొండ పేరేమిటి, ఆ పేరు ఎందుకు వచ్చింది అని అడగండి. విశాఖవాళ్లు పటంలో డాల్ఫిన్స్ నోస్ అని చూస్తారు, ఊళ్లో పెద్దవాళ్లు యారాడ కొండ అంటారు. కొండ లేని ఊరైతే చెరువు పేరు, చెరువూ లేకపోతే వీధి పేరు అడగండి. అమ్మమ్మ పలికినట్టే రాయండి, సరిదిద్దకండి. కింద అమ్మమ్మ పేరు కూడా రాసి మన పత్రికకు పంపండి. సంపాదకులు అచ్చు వేస్తామని మాటిచ్చారు. అచ్చులో అమ్మమ్మ పేరు తప్పు పడితే నాకు ఫోను చెయ్యండి, నేను వాళ్లతో మాట్లాడతాను.

 సమోసాలు వచ్చినట్టున్నాయి.